ఎవరి పంట ఎవరి పళ్ళెములో

పరదేశమునకు పోయివచ్చినవారిని మనవారు మొట్టమొదట అడుగు ప్రశ్న, "అక్కడ భోజనమెట్లున్నది?" అనునదే. కోటలను గురించియు కొండలను గురించియు తరువాత అడుగుదురు. ఈ ప్రశ్నలో తిండిపోతుతనము లేదు. మనవాడు కడుపునిండ తిన్నాడో లేదో యను ఆదుర్దా కలదు. ఆ దేశస్థు లెట్టివారో తెలిసికొనవలెనను కుతూహలమును కలదు. నేడు ఐర్లండులో చదువుకొనుచున్నవారును, అక్కడి ఆసుపత్రులలోను కంప్యూటరు సంస్థలలోను కొలువు చేయుచున్నవారును తెలుగువారిలో పలువురు కలరు. వేసవిలో వారిని చూడబోవు తల్లిదండ్రులును తక్కువ కారు. వారు తిరిగివచ్చి చెప్పు ముచ్చటలలో ఒకటి మమ్ము ఆలోచింపజేసినది. ఆ దేశపు చిన్న భోజనశాలలలో వంటకముల పట్టికమీద, ఆ వెన్న ఏ ఊరిదో, ఆ చేప ఏ రేవున దిగినదో, ఆ గొఱ్ఱె ఏ రైతు మందలోనిదో గూడ వ్రాసియుందురట!

ఇది అంగడివారి ప్రచారతంత్రమని కొందరు తలంపవచ్చును. తంత్రము కొంత లేకపోలేదు. కాని ఆ దేశచరిత్ర నెఱిగినవారికి ఆ పేర్లు వేఱొక విధముగా వినిపించును.

1841 జనాభా లెక్కలలో ఐర్లండు ప్రజలు 80 లక్షలకు పైబడియుండిరి. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకినది. అటుపిమ్మట నాలుగైదేండ్లలో ఆకలిచేతను, దానిని వెన్నంటి వచ్చిన జ్వరములచేతను సుమారు 10 లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ కానివారు ఓడలెక్కి దేశము విడిచిపోయిరి. ఆ నేలపై దుంప తప్ప మరేమియు పండలేదా? పండినది. ఓట్లు పండినవి, గోధుమ పండినది, పశువులు బలిసినవి, పాలు పొంగినవి. పేదవాడు కౌలు చెల్లించుటకై పండించిన ధాన్యము రేవు చేరెను. తినుటకై పండించుకొన్న దుంప నేలలోనే క్రుళ్ళెను. కార్కు నగరమందలి వెన్న సంత ఆ కాలమున లోకప్రసిద్ధము. వెన్న ఓడకు, దుంప ఇంటికి—ఇదియే ఆనాటి పంపకము. 1847లో దిగుమతియైన మొక్కజొన్న ఎగుమతియైన ధాన్యమును మించినమాట నిజమే. కాని అప్పటికి కాలము మించిపోయినది. కలకత్తా నగరమునుండి గూడ ఐర్లండు క్షామబాధితులకు చందాలు పోయినవి. ధాత కరువు కథలను తాతల నోట వినిన తెలుగువారికి, కళ్ళముందు ధాన్యపు బస్తాలు తరలిపోవుచుండగా ఆకలితో చచ్చుట ఎట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కరువు పోయినను దాని నీడ పోలేదు. తన నేలలో పుట్టిన తిండిని చూచి మనుష్యుడు సిగ్గుపడుట క్షామము వదలిపోవు వ్యాధులలో ఒకటి. ఆల్చిప్పలు, సముద్రపు నాచు, మజ్జిగతో పిసికిన సోడా రొట్టె—ఇవి లేనివారి తిండియని పేరుపడినవి. గొప్ప హోటళ్ళు తమ పట్టికలను ఫ్రెంచి పేరులతో నింపుకొనినవి. ఇల్లాండ్రు తమ పొయ్యిమీద మహాచక్కగా వండినను, దానిని అతిథికి పెట్టుటకు జంకిరి.

జేమ్సు జాయిసు 1922లో ప్రకటించిన "యులిసిస్" నవలలో ఈ విషయమునకు సాక్ష్యము దొరకును. 1904 జూను 16వ తేదీ మధ్యాహ్నము కథానాయకుడు బ్లూము ఆకలిగొని డబ్లినులో డ్యూకు వీధిలోని ఒక భోజనశాలలో అడుగుపెట్టును. అచట జనులు ఎగబడి తినుచున్న తీరుచూచి కడుపులో దేవినట్లై వెనుదిరుగును. ఆ వీధిలోనే డేవీ బర్ను పానశాలకు పోయి, గోర్గొంజోలా ఛీజు పెట్టిన రొట్టెముక్కలతోను ఒక గ్లాసు బర్గండీ వైనుతోను సరిపెట్టుకొనును. ఏటేట ఆ తేదీన సాహిత్యాభిమానులు అదే పానశాలలో అదే భోజనము చేయుచున్నారు. మంచిదే. కాని ఛీజు ఇటలీది, వైను ఫ్రాన్సుది అను సంగతి గమనింపుడు. 1904లో డబ్లిను పౌరునికి నచ్చిన ఫలహారములో రెండు రుచులును పొరుగుదేశములవే!

ఆ అధ్యాయముననే బ్లూమునకు ఏ.ఇ. అను పేర ప్రసిద్ధుడైన కవి జార్జి రస్సెలు ఎదురుపడును. ఆయన శాకాహార భోజనశాలనుండి వచ్చుచున్నాడని బ్లూము ఊహ. ఆ దినములలో డబ్లినులో శాకాహారమును వ్రతముగ పట్టిన ఒక చిన్న మేధావిబృందముండెను. వారిలో జేమ్సు కజిన్సు, ఆయన భార్య మార్గరెటు ముఖ్యులు. ఆ దంపతులు 1915లో భారతదేశమునకు వచ్చిరి. కజిన్సు మన మదనపల్లె కళాశాలలో ఆచార్యుడై, అచటనే 1956లో కన్నుమూసెను. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చినప్పుడు "జనగణమన"కు స్వరము కుదిర్చి వ్రాసిన పుణ్యము మార్గరెటు కజిన్సుదే. సరిగా వారు వచ్చిన కాలముననే మన వరాహగిరి వేంకటగిరిగారు డబ్లినులో న్యాయశాస్త్రము చదువుచు, అచటి స్వాతంత్ర్యోద్యమమువారితో చెలిమి చేసి, 1916లో ఆ దేశము విడువవలసిన వారైరి. ఐర్లండునకును మనకును నడుమ బాట నేటిది కాదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

అసలు మార్పు 1964లో వచ్చినది. దానిని తెచ్చినది ప్రభుత్వము కాదు, పండితులు కారు. ఆరుగురు బిడ్డల తల్లియగు ఒక రైతు భార్య. ఆమె పేరు మర్టిలు ఆలెను. కార్కు మండలములో షానగారీ అను గ్రామమున, బాలిమలూ అను పెద్ద పాతయింటిలో ఆమె కాపురము. భర్త సేద్యము చేయుచుండెను. పాలు, పందిమాంసము, కూరగాయలు, పండ్లు ఇంటివే. చేపలు దగ్గఱనున్న బాలికాటను రేవునుండి వచ్చును. నలుబదియేండ్ల వయసున ఆమె తన భోజనాలగది తలుపులు తెఱచి, పల్లెటింటి భోజనమునకు రండని పత్రికలో ప్రకటించెను. వంటశాస్త్రములో ఆమెకు పట్టములు లేవు. ముందుగ పట్టిక వ్రాసికొని సరకులు తెప్పించు పద్ధతి ఆమెది కాదు. ఆనాడు తోటలోను పడవలోను ఏమి వచ్చినదో చూచి, పిమ్మట పట్టిక వ్రాయుట ఆమె పద్ధతి. మన ఇండ్లలో దొడ్డిలోనికి పోయి ఏ పాదున ఏ కాయ దిగినదో చూచి పొయ్యి రాజేయు అమ్మలకు ఇందులో వింత తోపదు. కాని డబ్బు తీసికొని భోజనము పెట్టుచోట ఈ పద్ధతి నాడు ఐర్లండులో సాహసమే. 1975లో మిషెలిను వారి నక్షత్రము ఆ యింటికి వచ్చెను. 2018లో ఆమె తన 94వ యేట మరణించునప్పటికి, ఆమె చేతిక్రింద నేర్చినవారును, 1983లో కోడలు డరీనా స్థాపించిన పాకశాలలో నేర్చినవారును దేశమంతట వ్యాపించియుండిరి.

ఆ గాలి పొలములకును సోకినది. 1970 దశకములో బేరా ద్వీపకల్పమున వెరోనికా స్టీలు అను ఆమె తన పాడిపాలతో మిల్లీన్సు అను ఛీజు చేయుట మొదలిడెను. అంతకుముందు ఆ దేశపు ఛీజు చాలవఱకు యంత్రశాలల సరకే. ఇంత పాడిగల దేశము తన చేతి ఛీజును తాను మఱచిపోవుట ఎట్టి విడ్డూరము! ఆమె త్రోవన నడచినవారు నేడు అనేకులు. గాల్వేలో 1954 నుండి సెప్టెంబరులో ఆల్చిప్పల ఉత్సవము జరుగుచున్నది. ఒకనాడు పేదవాని కడుపు నింపిన ఆ చిప్పను నేడు నిమ్మరసము పిండి, వెండిపళ్ళెములో మంచు పఱచి ఇచ్చుచున్నారు.

కాఫీశాలల సంగతి కొంత వేఱు. డబ్లినులో గ్రాఫ్టను వీధిలోని బ్యూలీసు కాఫీశాల 1927లో వెలసినది. క్వేకరు మతస్థులైన టీ వర్తకుల కుటుంబము దానిని నిలిపినది. హారీ క్లార్కు రచించిన రంగుటద్దముల కిటికీలు దాని శోభ. ఒక కప్పు కాఫీ ముందుంచుకొని గంటలు గడుపువారిని లేపివేయని మర్యాద అట్టి చోట్లకు ప్రాణము. మన పట్టణములలో ఒక్క కాఫీని ఇద్దరు పంచుకొని కావ్యచర్చ సాగించిన తరమువారికి ఆ మర్యాద విలువ తెలియును.

ఇక వైను మాట. మద్యమును పొగడుట మా ఉద్దేశము కాదు. ఫాదరు మాథ్యూ అను సన్న్యాసి 1838లో కార్కు నగరమున మద్యనిషేధవ్రత మారంభించి లక్షలమందిచేత ప్రమాణము చేయించెను. ఆయన విగ్రహము నేటికిని ఆ నగరపు నడివీధిలో నిలిచియున్నది. ఆ దేశమునకు ఆ వ్రతమెందుకు కావలసివచ్చెనో ఆ దేశస్థులే చెప్పుదురు. కాని వైను రుచిచూచు సభ యనునది త్రాగుబోతుల కూటము కాదు. సాయంకాలము ఒక దుకాణములో పదిమంది చేరుదురు. గ్లాసు అడుగున రెండు గ్రుక్కలు పోయుదురు. తెల్లకాగితము వెనుకనుంచి రంగు చూతురు. త్రిప్పి వాసన పట్టుదురు. నోట పుక్కిలించి, ప్రక్కనున్న పాత్రలో ఉమియుదురు! మనవా డొకడు దీనిని చూచి, "ఇంత శ్రమపడి ఉమియుట కేల?" అని నవ్వెనట. నాలుకకు చదువు చెప్పుట అదియని మేమనుకొందుము. సంగీతము వినుటకు చెవి యెట్లు తయారుకావలెనో, ఇదియు నట్లే.

అయినను ఐర్లండులో ద్రాక్షతోట లరుదు. ఆ వానలో, ఆ చలిలో ద్రాక్ష పండుట కష్టము. ఆ సభలలో ముచ్చట పుట్టించునది సీసాలమీది పేర్లు. 1691లో లిమరిక్కు సంధి జరిగిన పిమ్మట వేలకొలది ఐరిషు యోధులు ఫ్రాన్సుకు తరలిపోయిరి. వారికి అడవిబాతులని పేరు. వారి వెనుక వర్తకమునకై పోయినవారును కలరు. గాల్వే నుండి పోయిన లించి వంశమువారి పేరు బోర్డో ప్రాంతమున ఒక తోటకు నేటికిని నిలిచియున్నది. ఫెర్మానా నుండి పోయిన బార్టను వంశమువారు అచటి తోట నొకదానిని 1826లో కొని నేటివఱకు తమచేతనే ఉంచుకొన్నారు. కార్కు మండలమువాడు రిచర్డు హెన్నెసీ 1765లో కొన్యాకులో బ్రాందీ వ్యాపారము పెట్టెను. కావున డబ్లినులో ఆ సీసా తెఱచినప్పుడు, ఊరువిడిచిన బంధువు ఇంటికి వచ్చినట్లుండునందురు. ఆ బంధువునకు సుంకమును తప్పదు: సీసా ఒక్కింటికి 3 యూరోల 19 సెంట్లు ఎక్సైజు, దానిపై అమ్మకపు పన్ను వేఱు.

ఇంతవఱకు చెప్పినది సంతోషవార్త. మా మనసులోని శంక ఇకమీద చెప్పవలసియున్నది. ఈ చిన్న భోజనశాలలలో ఒకపూట భోజనము వెల నేడు ఆ దేశపు సామాన్యునికి భారమగుచున్నది. అద్దెలు పెరిగినవి, విద్యుత్తు వెల పెరిగినది, జీతములును పెరుగవలసినవే. భోజనశాలలపై 9 పాళ్ళుగ నుండిన పన్ను 2023 సెప్టెంబరులో 13.5 పాళ్ళయ్యెను. పలు చిన్న శాలలు తలుపులు మూసికొన్నవి. 2025 అక్టోబరు ఆయవ్యయ ప్రకటనలో, 2026 జూలై నుండి మరల 9 పాళ్ళు చేయుదుమని ప్రభుత్వము వాగ్దానము చేసెను. పెద్ద గొలుసుదుకాణములకును ఇదే రాయితీ యేల అని అడిగినవారు లేకపోలేదు. వారి ప్రశ్న న్యాయమైనదే. దేశమంతట ఒకే గిడ్డంగినుండి తెచ్చిన ముద్దను వేడిచేసి పెట్టు సంస్థయు, రైతు పేరు పట్టికకెక్కించు చిన్నశాలయు ఒకే తక్కెడలో తూగరాదు.

వెల యిట్లే పెరిగినచో ఏమగును? మంచి ఆల్చిప్ప, మంచి వెన్న, మంచి మాంసము యాత్రికుని పళ్ళెమునకే చేరును. పండించినవాని బిడ్డ సంచిలో కట్టిన చవుకబారు రొట్టె తినును. ఒకనాడు వెన్న ఓడయెక్కి పరదేశమునకు పోయినది. నేడు పరదేశీయుడే విమానమెక్కి వెన్నకడకు వచ్చుచున్నాడు. ఇంత తేడాయేనా? మన బిడ్డలును, వారిని చూడబోవు పెద్దలును ఆ యాత్రికులలోని వారే గనుక ఈ ప్రశ్న మనకును తగులును. అందుచేత పోయినవారు పెద్దవీధిలోని మెఱుపుల అంగడిని విడిచి, ఊరివారు తినుచోట కూర్చుండవలెనని మేము కోరెదము. మాంసము ముట్టనివారికిని అచట కొఱతలేదు. దుంపల పులుసు, గోధుమరొట్టె, వెన్న చాలును. మా మిత్రు డొకడు ఆవకాయ సీసా జేబులో వేసికొని పోవునట. అది అతని యిష్టము.

అట్టి చోటు ఒకటి కార్కు నగరమున కలదు. ఇంగ్లీషు మార్కెట్టని దానికి పేరు, 1788లో కట్టినది. క్రింద కసాయివారు, బెస్తవారు, రొట్టెలవారు. పైమేడ వసారాలో 1994 నుండి ఫార్ముగేటు కాఫీశాల. క్రింది అంగళ్ళ సరకే పైన వంటకమగును. అచట బోటియు, ఉల్లిగడ్డలును పాలలో ఉడికించి, నెత్తురుతో చేసిన డ్రిషీనును చేర్చి పెట్టుదురు. పదునెనిమిదవ శతాబ్దిలో ఆ నగరమునుండి ఉప్పువేసిన గొడ్డుమాంసము పీపాలకెత్తి ఓడలకు పోవుచుండగా, ఊరిపేదలకు మిగిలినది ఆ ప్రేగులును నెత్తురును. దానినే వారు వండి రుచిపట్టిరి. నేడు ఆ వసారాలో, కెమేరా మెడను తగిలించుకొన్న యాత్రికుని ప్రక్కబల్లకడ కార్కు ముసలివాడొకడు కూర్చుండి, పట్టిక వైపు చూడకయే ఆ వంటకము తెమ్మనుచుండును.