ఆడే జాగా ఎవడబ్బ సొత్తు?

“వాడల్లో పిల్లలకి తినడానికే లేదు, ఊబకాయం గొడవ మనకెందుకు? అది బంగళాల జబ్బు” అని మన కార్యకర్తల్లోనే కొందరు అంటుంటారు. ఆ మాట సగమే నిజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకి తగ్గ ఎత్తు పెరగలేదు. అదే వయసులో ఎత్తుకి మించిన బరువున్నోళ్ళు 2015-16లో నూటికి 2.1 ఉంటే 2019-21లో 3.4 అయ్యారు. చిన్న అంకే, కాని పెరిగే అంకె. ఈ రెండు బాధలూ ఒక్క ఇంట్లోనే, ఒక్కోసారి ఒక్క ఒంట్లోనే ఉంటున్నాయి.

ఎట్లా? పుణె చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1990లలో మొదలుపెట్టిన పరిశోధన ఒక సంగతి తేల్చింది. అక్కడి బిడ్డలు ఇంగ్లండు బిడ్డలకన్నా తక్కువ బరువుతో పుడుతున్నారు. కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అట్లా పుట్టిన బిడ్డకి మూడు పూటలా తెల్లన్నం, నీళ్ళచారు, అంగట్లో ఐదు రూపాయల ప్యాకెట్టే దిక్కయితే కండ పెరగదు, పొట్ట పెరుగుతుంది. పెద్దయ్యాక షుగరు, బీపీ తరుముకొస్తాయి. రెక్కాడితేగాని డొక్కాడని ఇంటికి షుగరొస్తే ఏమౌతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దీనికి తల్లుల్ని తిట్టి లాభం లేదు. పప్పు, గుడ్డు కొనలేని కూలి ఇచ్చేవాణ్ణి నిలదియ్యాల.

తిండి సగం, ఆట సగం. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఎక్కడ ఆడాల? గుడి ముందరి జాగాలోకి మనల్ని తరతరాలుగా రానియ్యలేదు. వాడ పక్క పోరంబోకు దున్నుకుంటున్నదెవరు? బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం రాసింది. ఉన్నచోట కూడా సాయంత్రం గేటుకి తాళం. డ్రిల్లు పీరియడులో లెక్కలు. ఆడపిల్ల పెద్దమనిషైతే ఆట బందు. ఇంక మిగిలింది గడపలో సెల్‌ఫోను.

“కూలోళ్ళ పిల్లలకి పనే కసరత్తు కదా” అంటారు పెద్దమనుషులు. పత్తిచేలో నడుం వంచడం ఆట కాదయ్యా, దోపిడీ! 2014లో సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చేతులే వాడ పిల్లలకి పావెకరం జాగా ఇవ్వడానికి రావు.

చట్టాలు కాగితం మీదున్నాయి, వాటిని ఊళ్ళోకి లాక్కురావాల. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మీ ఊరి పోరంబోకు సర్వే నంబర్లు తియ్యండి. గ్రామసభలో వాడ ఆటస్థలానికి తీర్మానం పెట్టించండి. బడి గేటు సాయంత్రం తెరిపించండి, ఆడపిల్లలకి వేరే వేళ కేటాయించండి. బడి గేటుకి 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన సరుకు అమ్మకూడదని 2020 నిబంధన ఉంది. అట్లాగని బుట్ట పెట్టుకున్న ముసలవ్వ మీద పడకండి. ఆమె చేత గుగ్గిళ్ళు, పల్లీ ఉండలు అమ్మించండి. లావున్నాడని పిల్లాడి కంచం ముందునుంచి లాగెయ్యొద్దు. ఆ కంచంలో గుడ్డు, పప్పు, ఆకుకూర, జొన్న రొట్టె చేర్చాల.

ఇన్నాళ్ళూ భూమంటే దున్నడానికే అడిగాం. మన పిల్లలు పరిగెత్తడానికి కూడా భూమి కావాల. అదీ మన వాటాయే!