ఐపీఎల్ ఫైనల్: 40 ఓవర్ల మ్యాచ్.. 29 ఓవర్లకే ఖేల్ ఖతం! సన్‌రైజర్స్ ఎక్కడ దెబ్బతింది?

టేబుల్‌లో నంబర్ వన్ ఒకవైపు.. నంబర్ టూ మరోవైపు. ఐపీఎల్ 2024 ఫైనల్ నువ్వా నేనా అన్నట్టు సాగుతుందని అంతా అనుకున్నారు. కానీ ఆదివారం (మే 26) చెన్నై చెపాక్‌లో సీన్ రివర్స్ అయింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ 18.3 ఓవర్లలో 113 పరుగులకే ఆలౌట్. కోల్‌కతా నైట్‌రైడర్స్ 10.3 ఓవర్లలోనే 2 వికెట్లు పోగొట్టుకుని పని కానిచ్చేసింది. ఇంకా 57 బంతులు మిగిలే ఉన్నాయి. ఐపీఎల్ ఫైనల్స్ చరిత్రలో ఇదే అత్యల్ప స్కోరు. 2013 ఫైనల్‌లో చెన్నై చేసిన 125 రికార్డు కిందకు పోయింది.

తిరుపతి, చిత్తూరు జనాలకు ఉప్పల్ కంటే చెపాకే దగ్గర. పుత్తూరు, నగరి మీదుగా బండెక్కితే కొన్ని గంటల ప్రయాణమే. ఇక్కడ పసుపు జెర్సీ ఫ్యాన్స్ కూడా తక్కువేం కాదు. ఈసారి సీఎస్కే ప్లేఆఫ్స్‌కే రాలేదు. దాంతో ఆశలన్నీ ఆరెంజ్ ఆర్మీ మీదే. అందుకే ఈ ఓటమి ఇంకాస్త గట్టిగా తగిలింది.

టాస్ తప్పా?

టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్న కమిన్స్‌ను చాలామంది తిడుతున్నారు. కానీ రెండు రోజుల ముందు ఇదే గ్రౌండ్‌లో ఏం జరిగింది? క్వాలిఫయర్-2లో మొదట బ్యాటింగ్ చేసి 175 కొట్టిన హైదరాబాద్, రాజస్థాన్‌పై 36 పరుగులతో గెలిచింది. షాబాజ్, అభిషేక్ స్పిన్‌తో ఐదు వికెట్లు తీశారు. అదే ప్లాన్ మళ్లీ నమ్ముకోవడంలో లాజిక్ ఉంది. దెబ్బ కొట్టింది టాస్ కాదు.. తొలి రెండు ఓవర్లు.

అసలు దెబ్బ ఇదీ

ఈ సీజన్‌లో సన్‌రైజర్స్ బలమంతా హెడ్, అభిషేక్ శర్మ ఓపెనింగ్. ఢిల్లీపై పవర్‌ప్లేలోనే వికెట్ పడకుండా 125.. బెంగళూరుపై 287.. ఇలా రికార్డులన్నీ అక్కడి నుంచి వచ్చినవే. కోల్‌కతా సరిగ్గా ఆ వేరునే నరికింది. ఫైనల్‌లో స్టార్క్ తొలి ఓవర్లోనే అభిషేక్ (2)ను బౌల్డ్ చేశాడు. తర్వాతి ఓవర్లో వైభవ్ అరోరా బంతికి హెడ్ డకౌట్. క్వాలిఫయర్-1లోనూ ఇదే కథ.. హెడ్ 0, అభిషేక్ 3. అంటే కోల్‌కతాతో ఆడిన రెండు నాకౌట్లలో ఈ జోడీ కొట్టింది మొత్తం 5 పరుగులు!

పవర్‌ప్లే ముగిసేసరికి 40/3. అప్పుడైనా ఒకరు ఆగి ఆడాల్సింది. మార్‌క్రమ్ 20, క్లాసెన్ 16.. ఎవరూ నిలబడలేదు. టాప్ స్కోరర్ ఎవరో తెలుసా? బౌలర్ కమిన్స్.. 24! వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 13కే ఔటైనా, సీజన్ ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు మాత్రం అతనికే దక్కింది.

అటు కోల్‌కతా ఒక్కరి మీద ఆధారపడలేదు. ఆరుగురు బౌలింగ్ చేస్తే ఆరుగురికీ వికెట్లు పడ్డాయి. రసెల్ 3, స్టార్క్ 2, హర్షిత్ రాణా 2. ఛేజింగ్‌లో నరైన్ 6కే వెళ్లినా వెంకటేశ్ అయ్యర్ 26 బంతుల్లో 52 నాటౌట్. రెండు జట్ల మధ్య తేడా ఇదే.

ఇప్పుడేం చేయాలి?

'దంచుడు ఆపేయాలి' అనడం తొందరపాటు. 2023లో పదో స్థానంలో ఉన్న జట్టును ఫైనల్ దాకా తెచ్చింది ఆ దంచుడే. ఓపెనర్లు ఇద్దరూ పోయిన రోజు ఇన్నింగ్స్ ఎవరు మోస్తారన్నదే అసలు ప్రశ్న. లీగ్ మ్యాచ్‌తో కలిపి కోల్‌కతా చేతిలో మూడుసార్లు ఓడినా దానికి జవాబు దొరకలేదు. 2025 సీజన్‌కు ముందు మెగా వేలం జరిగింది. మరో సిక్సర్ల వీరుడి కంటే, 20/2 దగ్గర క్రీజులో నిలబడే బ్యాటర్‌ను వెతుక్కోవడమే అప్పుడు హైదరాబాద్‌కు ముందున్న పని.