సిపాయి పేరు ఏ స్పెల్లింగులో వెతకాలి?

మొన్నామధ్య ఇంగ్లండులో చరిత్ర చదువుతున్న స్నేహితుడొకడు ఒక ఉద్యోగ ప్రకటన పంపాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో లెక్చరర్ పోస్టు. సగం పని యుద్ధాల చరిత్ర పాఠాలు చెప్పడం, మిగతా సగం పాత సైనిక రికార్డుల్ని డిజిటల్ చేసి వాటి మీద పరిశోధన చెయ్యడం. కింద వాడి వ్యాఖ్య: "నీకూ నాకూ కలిపి ఒకే ఉద్యోగం ఇచ్చార్రా" అని.

నేనూ నవ్వుకున్నాను. యుద్ధాల గురించి పాఠం చెప్పేవాడికి డేటాబేసుతో పనేంటి? డేటాబేసు వాడికి యుద్ధంతో పనేంటి? కానీ తర్వాత రెండు విషయాలు గుర్తొచ్చాయి. ఇప్పుడు నా అభిప్రాయం ఏంటంటే, అలాంటి పోస్టు మన విశ్వవిద్యాలయాల్లో కూడా ఉండి తీరాలి.

మొదటిది నా సొంత పాపం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసు వాళ్ళ పాత రిజిస్టర్లు స్కాన్ చేసే ప్రాజెక్టులో పడ్డాను. రోజుకిన్ని పేజీలని టార్గెట్. ఫైళ్ళకి ఒకటి, రెండు, మూడు అని నంబర్లిచ్చుకుంటూ పోయాం. టార్గెట్ దాటేశామని పార్టీ కూడా చేసుకున్నాం. తర్వాత అక్కడి పాత గుమాస్తా ఒకాయన వచ్చి, "ఫలానా ఊరి రిజిస్టరు ఎక్కడుంది బాబూ?" అనడిగాడు. ఎవరం చెప్పలేకపోయాం. బీరువాలో ఉన్నప్పుడు ఆయన అయిదు నిమిషాల్లో తీసేవాడట. ఊరివారీగా కట్టలు కట్టి ఉండేవి మరి. స్కానింగు కోసం ఆ కట్టలు విప్పింది మేమే. ఆ వరసే అసలు సమాచారమని మాకు చెప్పేవాళ్ళు లేరు, మాకు అడగాలనీ తోచలేదు.

రెండోది మా ముత్తాత. మా మామ్మ (నాన్న వాళ్ళమ్మ) తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి బర్మా వెళ్ళాడు. మామ్మకి అప్పటికి రెండేళ్ళు. "మా అయ్య బర్మా యుద్ధానికెల్పోనాడు, మరి రానేదు" అంటుంది. అంతకు మించి ఆవిడకేమీ తెలీదు. ఫోటో లేదు. వచ్చిన కాగితం ఏదో ఇల్లు కాలినప్పుడు పోయింది. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. ఫోన్ చేసినప్పుడల్లా, "నీ కంప్యూటర్లో మా అయ్య పేరు దొరికిందేటి?" అనడుగుతుంది.

ఆ యుద్ధంలో భారత సైన్యం పాతిక లక్షలకి చేరింది. దాదాపు 87 వేల మంది చనిపోయారని లెక్క. బర్మాలో సమాధి తెలియనివాళ్ళ పేర్లు రంగూన్ దగ్గర తాక్యాన్‌లోని స్మారకం మీద చెక్కారు, సుమారు 27 వేల పేర్లు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో వీటిని వెతకొచ్చు. డబ్బులు కట్టక్కర్లేదు. ఇంకేం, పది నిమిషాల పని అనుకున్నాను.

అక్కడ మొదటి పెట్టెలోనే ఇరుక్కుపోయాను. ఇంటిపేరు టైపు చెయ్యమంటుంది. మన సిపాయిల్లో చాలామందికి ఆ రికార్డుల్లో ఇంటిపేరే ఉండదు, లేదా ఒక్క అక్షరమైపోయి ఉంటుంది. పోనీ పేరుతో వెతుకుదామంటే ఏ స్పెల్లింగు? అప్పలస్వామి అనే పేరే తీసుకోండి. తెలుగు రాని గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాస్తాడు. చివర 'స్వామి'నే మూడు రకాలుగా రాయొచ్చు, మధ్యలో ఒక 'ల' పెట్టొచ్చు, రెండు పెట్టొచ్చు. కంప్యూటరుకి ఇవన్నీ వేరువేరు మనుషులు.

ఇంగ్లండు స్నేహితుడే ఒక చిట్కా చెప్పాడు. పేరు వదిలెయ్, అదనపు సమాచారం అనే గడిలో జిల్లాతో వెతుకు అని. చాలా రికార్డుల్లో ఫలానా వారి కొడుకు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని ఉంటుందిట. మాది శ్రీకాకుళం జిల్లా, ఇచ్ఛాపురం వైపు. శ్రీకాకుళం అని కొట్టాను. లాభం లేదు. ఎలా ఉంటుంది? ఆ జిల్లా ఏర్పడిందే 1950లో! మా వైపు ఊళ్ళు 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఒరిస్సా రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసులో మిగిలిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. అంటే ఒకే ఊరి సిపాయి మొదటి యుద్ధంలో పోతే గంజాం కింద వెతకాలి, రెండో యుద్ధంలో పోతే పాత ఇంగ్లీషు స్పెల్లింగులో వైజాగపటం కింద వెతకాలి. మ్యాప్ మీద ఆటోమేటిగ్గా చుక్కలు పెట్టే ప్రోగ్రాము నేను రాస్తే ఏమయ్యేది? మా పల్లెటూరి సిపాయిలందర్నీ తీసుకెళ్ళి బీచ్ రోడ్డులో నిలబెట్టేది :)

చెప్పొచ్చేదేంటంటే, ఇది ప్రోగ్రామరు ఒక్కడివల్లా కాదు, చరిత్ర ఒక్కటే తెలిసినవాడివల్లా కాదు. రెండూ తెలిసినవాడు కావాలి.

పంజాబు వాళ్ళు ఏం చేశారో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి ప్రభుత్వం ఊరూరా ఎవరెవరు యుద్ధానికెళ్ళారో రిజిస్టర్లు రాయించింది. సుమారు 26 వేల పేజీలు, 3 లక్షల 20 వేల మంది. అవి దశాబ్దాల తరబడి లాహోర్ మ్యూజియంలో పడున్నాయి. యూకే పంజాబ్ హెరిటేజ్ అసోసియేషన్, గ్రీనిచ్ విశ్వవిద్యాలయం కలిసి వాటిని డిజిటల్ చేసి, 2021 నవంబరులో మొదటి మూడు జిల్లాలు (జలంధర్, లూధియానా, సియాల్‌కోట్) అందరికీ అందుబాటులో పెట్టాయి. అక్కడ ఊరి పేరుతో వెతకొచ్చు. ఎక్కడో విదేశంలో ఉన్న మనవళ్ళకి తమ ముత్తాత పేరు కనిపిస్తోంది.

అదే 2021లో వార్ గ్రేవ్స్ కమిషన్ తన తప్పు తనే ఒప్పుకుంటూ ఒక నివేదిక ఇచ్చింది. మొదటి యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా వాళ్ళలో కనీసం 1,16,000 మందికి, బహుశా మూడున్నర లక్షల మంది దాకా, పేరు పెట్టి గానీ అసలు గానీ స్మారకం లేదని. అలాంటి పేర్లు ఇక బయటికొస్తే పాత కాగితాల్లోంచే రావాలి.

"ఇప్పుడు ఏఐ ఉందిగా, చేతిరాత కూడా చదివేస్తోంది" అంటారని తెలుసు. చదువుతుంది, నేనూ వాడి చూశాను. కానీ అర్థం కాని చోట అర్థం కాలేదని చెప్పకుండా దానికి తోచింది రాసేస్తుంది. దాన్ని తప్పుపట్టాలంటే ఆ కాలం జిల్లాలూ, పటాలాల పొట్టిపేర్లూ తెలిసినవాడు పక్కన ఉండాలి కదా.

"యుద్ధాల చరిత్ర ఎందుకు, రాజులనీ జనరల్స్‌నీ పొగడ్డానికా" అని ఇంకో మాట. నా మటుకు నాకు ఈ పోస్టులో నచ్చిందే అది. క్లాసులో ఒక్కో విద్యార్థికి పదిమంది సిపాయిల రికార్డులిచ్చి, వీళ్ళది ఏ ఊరు, ఎందుకు చేరారు, ఎక్కడ పోయారు అని వెతకమంటే, వాళ్ళకి యుద్ధమంటే మ్యాపు మీద బాణాలు కాదని తెలుస్తుంది. వాళ్ళు పట్టుకున్న తప్పులు తిరిగి డేటాబేసులో దిద్దుకోవచ్చు. పాఠం, పరిశోధన ఒకే మనిషి చేతిలో ఉండాలనేది ఇందుకే.

మన దగ్గర సరుకు లేదా అంటే, బోలెడుంది. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి పారశీక పత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో సిపాయిల ముఖం గుర్తులూ, గుర్రాల గుర్తులూ రాసుకున్న హాజరు పత్రాలు కూడా ఉన్నాయి. రక్షణ శాఖ కూడా 2021 జూన్‌లో ఒక విధానం ప్రకటించింది. సాధారణంగా పాతికేళ్ళకి రికార్డులు బయటపెట్టాలి, యుద్ధం ముగిసిన అయిదేళ్ళలో చరిత్ర రాయాలి అని. మంచిదే. మరి ఆ కట్టలు విప్పేదెవరు? నా మొదటి ప్రాజెక్టు లాంటి టీమా?

అందుకే మన తెలుగు విశ్వవిద్యాలయాల్లో కనీసం ఒక్కదాంట్లో ఇలాంటి ఒక్క పోస్టు పెట్టండి అంటున్నాను. ఒక్క జీతం. దానికంటే ఎక్కువ ఖర్చు పెట్టి స్కానర్లు కొంటున్నాం.

అన్నట్టు, మీ ఇంట్లో కూడా యుద్ధానికెళ్ళిన తాతలుంటే, పెద్దవాళ్ళనడిగి పేరు, తండ్రి పేరు, ఊరు ఇవాళే రాసి పెట్టుకోండి. ఇక మా ముత్తాత సంగతంటారా, వైజాగపటం కింద దగ్గరగా ఉన్న పేర్లు నాలుగు దొరికాయి. ఏది ఆయనదో చెప్పాలంటే ఆయన తండ్రి పేరు కావాలి. ఈసారి ఫోన్ చేసినప్పుడు మామ్మని అడగాలి.