మెడ నిలవని అందం

బఠాణీ మొక్కల మీద మెండల్ చేసిన ప్రయోగాలను ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నల్లబల్ల మీద గీస్తూనే వచ్చాను. నాలుగు గళ్ళు, ఒక పెద్దక్షరం, ఒక చిన్నక్షరం, మూడుకి ఒకటి. పిల్లలు మార్కుల కోసం బట్టీపట్టి, పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోయే పాఠం అది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న మా మనవడు మాత్రం అదే లెక్కను ఎవరూ అడక్కుండానే ఫోన్లో వేసుకుంటూ కూర్చుంటాడు. కాకపోతే వాడు వేసేది బఠాణీలకు కాదు, పాములకు.

వాడి గదిలో పుస్తకాల బీరువా ఉండాల్సిన గోడకు ఒక ర్యాక్ ఉంది. సొరుగుల్లా లాగే ప్లాస్టిక్ డబ్బాలు, వెనక వెచ్చదనానికి కరెంటు పట్టీ, అడుగున కొబ్బరిపొట్టు, ఓ మూల నీళ్ళగిన్నె. డబ్బాకొక బాల్ పైథాన్. గ్యారేజీలో వాటి తిండికోసమే ఒక చిన్న ఫ్రిజ్, నిండా గడ్డకట్టిన ఎలుకలు. "ముట్టుకో అమ్మమ్మా, ఏం చెయ్యదు" అంటాడు. నిజంగానే ఏమీ చెయ్యదు. విషం లేదు, కాటు వేయడం అరుదు, భయమేస్తే తలను నడుమ దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. వాళ్ళమ్మ మాత్రం ఆ గది గుమ్మం దాటదు. జువాలజీ లెక్చరర్ కూతురు!

ఈ కొండచిలువ సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో పొలాల గట్ల మీద, ఎలుక బొరియల్లో బతికే మూడు నాలుగు అడుగుల జీవి. బెనిన్‌లో ఉయిదా అనే ఊళ్ళో దీనికి గుడి ఉంది. అక్కడివాళ్ళు ఇంట్లోకి వచ్చినా చంపరు, మళ్ళీ గుడికే చేరుస్తారు. నాగులచవితికి పుట్ట చుట్టూ తిరిగిన మనకి ఆ సంగతి కొత్తగా అనిపించదు. ఆ చుట్టుపక్కల నుంచే గత యాభై ఏళ్ళలో ముప్పై లక్షలకు పైగా బాల్ పైథాన్లు ప్రాణాలతో విదేశాలకు ఎగుమతి అయ్యాయి. నలుపు మీద లేత గోధుమ రంగు మచ్చలున్న మామూలు పాము అది. వచ్చిన లక్షల్లో ఎక్కడో ఒకటి రంగు మారి కనబడేది. దాన్ని పట్టుకున్నవాడి పంట పండేది.

1992లో ఓక్లహోమాలో బాబ్ క్లార్క్ అనే ఆయన మొదటిసారి అల్బినో బాల్ పైథాన్ పిల్లల్ని తన దగ్గర పుట్టించాడు. తెలుపు మీద పసుపు, ఎర్రటి కళ్ళు. ఆ పిల్లలకు అప్పట్లో వేల డాలర్లు పలికాయి. ఆ తర్వాత పైబాల్డ్ వచ్చింది, సగం ఒళ్ళు సున్నం కొట్టినట్టు తెలుపు, సగం మామూలు మచ్చలు. పాస్టెల్, మొహావీ, క్లౌన్, బనానా, ఇలా వరసపెట్టి వచ్చిపడ్డాయి. వీటిని ఒకదానితో ఒకటి కలిపి పుట్టించిన రకాలు ఇవాళ వేలల్లో ఉన్నాయి.

ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. ఈ పెంపకందార్లు చేస్తున్న జన్యుశాస్త్రం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మా మనవడు "ఇది సిక్స్టీ సిక్స్ పర్సెంట్ హెట్" అంటే మొదట అర్థం కాలేదు. అల్బినో జన్యువు ఒక్కటే ఉండి, పైకి మామూలుగా కనిపించే పాముల్ని రెంటిని జతకడితే నాలుగింట ఒకటి అల్బినో. మిగిలిన మూడూ చూడ్డానికి ఒకటే, కానీ మూడింట రెండు లోపల ఆ జన్యువును మోస్తుంటాయి. అవేవో కంటితో చెప్పలేం కాబట్టి మూడింటికీ అరవై ఆరు శాతం అని రాసి ఆ ధరకే అమ్ముతారు. తెలుగు అకాడమీ పుస్తకంలో విషమయుగ్మజం అని మేం నేర్పిన దాన్నే వీళ్ళు హెట్ అని పిలిచి ధర కట్టారు. పాస్టెల్ సంగతి మన చంద్రకాంత పువ్వుల్లాంటిదే. ఒక జన్యువుంటే ఒక రంగు, రెండూ ఉంటే మరింత పచ్చటి 'సూపర్'.

బనానా కథ ఇంకా బాగుంటుంది. పాముల్లో ఆడదానికి రెండు రకాల లింగ క్రోమోజోములు, మగదానికి ఒకే రకం అని నేను పాఠం చెప్పాను, పుస్తకాల్లో అదే ఉండేది. బనానా పెంచేవాళ్ళకు మాత్రం లెక్క కుదరలేదు. కొన్ని మగపాముల సంతానంలో బనానాలన్నీ దాదాపు మగవే, మరికొన్నింటికి ఆడవే. జన్యువు లింగ క్రోమోజోమ్ మీద ఉండి, ఆ క్రోమోజోములు మనుషుల్లో లాగే ఉంటే తప్ప ఇది జరగదు. 2017లో శాస్త్రవేత్తలు చూస్తే కొండచిలువల్లో నిజంగానే ఎక్స్, వై ఉన్నాయని తేలింది. 2022లో ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీవాళ్ళు పెంపకందార్ల దగ్గర కుబుసాలు అడిగి తెప్పించుకుని, వాటిలోంచి డీఎన్ఏ తీసి అల్బినో రంగుకు కారణమైన జన్యువును పట్టుకున్నారు. పామును తాకకుండా, సూది గుచ్చకుండా, విడిచిపారేసిన కుబుసంతో! మా కాలేజీ ల్యాబులో ఫార్మలిన్ సీసాలో పాలిపోయిన నీరుకట్టును చూపిస్తూ గడిపినదాన్ని, అసూయ కలగదా?

అందుకే "పాములతో వ్యాపారమేమిటి, పాపం" అని మా వియ్యపురాలు అన్నప్పుడు నేను తలూపలేదు. తెల్లపాము తెల్లగా ఉన్నందువల్ల బాధపడదు. ఆ రంగు చూసి ఎత్తుకుపోవడానికి డబ్బాలోకి గద్దలు రావు. నా అభ్యంతరం వేరే చోట ఉంది.

మనవడు నన్ను డాలస్ దగ్గర ఒక రెప్టైల్ షోకు తీసుకెళ్ళాడు. పొడుగాటి హాలు, బల్లల మీద చిన్న చిన్న పారదర్శక డబ్బాల్లో పిల్లపాములు, మూత మీద జన్యువుల పేర్లు, ధర. ఒక బల్ల దగ్గర బంబుల్‌బీ అనే రకం ఉంది. పాస్టెల్‌నూ, స్పైడర్ అనే మరో రకాన్నీ కలిపితే వచ్చేది. పసుపు ఒంటి మీద సన్నటి నల్లగీతలు, సాలెగూడు గీసినట్టు. కళ్ళు తిప్పుకోలేం. అమ్మేవాడు తీసి చేతి మీద పెట్టాడు. కాసేపటికి దాని తల పక్కకు వాలింది. అది సరిచేసుకోబోతే తల ఇటు దాటి అటు వెళ్ళింది. సన్నగా వణుకు. మెడను స్క్రూలా తిప్పుతూ గడ్డం పైకి, నడినెత్తి కిందికి పెట్టి అలా ఆగిపోయింది. ఏది పైనో ఏది కిందో దానికి తెలియడం లేదు. "దానికేమైంది?" అంటే అతను చాలా మామూలుగా, "స్పైడర్లన్నీ ఇంతేనండీ, వాబుల్" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆఫ్రికా నుంచి దిగుమతైన ఒక పాము నుంచి 1999లో న్యూ ఇంగ్లండ్‌లో కెవిన్ మెకర్లీ స్పైడర్ రంగును పిల్లలకు తెప్పించాడు. ఆ రంగున్న వాటన్నిటికీ ఎంతో కొంత ఈ తల వణుకు ఉంటుందని పెంచేవాళ్ళకు మొదటి నుంచీ తెలుసు. కొన్నింటిలో చూసీ చూడనట్టు ఉంటుంది, కొన్ని ఎలుక మీదికి దూకితే గురి తప్పి డబ్బా గోడను కొడతాయి. 2022లో జర్మనీ పరిశోధకులు స్పైడర్ల తలలను సీటీ స్కాన్ తీసి చూశారు. తీసినవి కొద్ది పాములే, కానీ లోపం దొరికింది. మన చెవి లోపల ఒంటి నిలకడను చూసే అర్ధవలయ నాళాలు, సంచి ఉంటాయి కదా, అవి వాటిలో వంకరపోయి ఉన్నాయి. రంగుకీ చెవికీ ఏమిటి సంబంధం అంటారేమో. పిండంలో వెన్నుపాము ఏర్పడే చోటు నుంచి బయల్దేరే కణాలే చర్మానికి రంగునిస్తాయి, లోపలి చెవిలోకీ అవే చేరతాయి. నీలికళ్ళ తెల్లపిల్లుల్లో చాలావాటికి చెవుడు రావడం అందుకే. స్పైడర్‌లో కూడా దారి ఇదేనా అన్నది ఇంకా తేలాలి. ఒకటి మాత్రం ఖాయం. ఆ గీతలు కావాలంటే ఆ మెడను కొనాలి, రెండిట్నీ విడదీయడం ఇప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు.

పెంచేవాళ్ళు చెప్పే జవాబు నేను శ్రద్ధగానే విన్నాను. తింటున్నాయి, పెరుగుతున్నాయి, గుడ్లు పెడుతున్నాయి, బాధపడితే ఇవన్నీ చేస్తాయా అంటారు. రిటైరయ్యే ముందు నాకు వర్టిగో వచ్చింది. మంచం మీద అటు తిరిగితే గది మొత్తం ఇటు తిరిగేది. గోడ పట్టుకుని కాలేజీకి వెళ్ళాను, పాఠం చెప్పాను, మధ్యాహ్నం క్యారియర్ విప్పి అన్నం తిన్నాను. బయటి నుంచి చూసినవాళ్ళకు నేను బాగానే ఉన్నాను. చెవిలో లోపమున్న జీవి అన్నం తింటోందా లేదా అన్నది దాని సుఖానికి కొలత కాదని ఆ నెలల్లో నా ఒంటికి తెలిసింది. పైగా నాకు డాక్టరు తలను ఒక పద్ధతిలో తిప్పి తగ్గించాడు. పాముకు అది పుట్టుకతోనే వచ్చింది. ఆ బతుకు చిన్నదీ కాదు. 2020లో సెయింట్ లూయిస్ జూలో సుమారు 62 ఏళ్ళ ఆడ బాల్ పైథాన్ ఏళ్ళ తరబడి మగపాము లేకుండానే గుడ్లు పెట్టి వార్తల్లోకెక్కింది. అన్నీ అంత బతక్కపోయినా, ఇంట్లో బాగా చూసుకుంటే ముప్పై ఏళ్ళు ఉంటుంది. ముప్పై ఏళ్ళ తలతిరుగుడు, మనం చూసి మురవడానికి.

ఇది పాములవాళ్ళకే పట్టిన జబ్బూ కాదు. ఒక ఫోన్ కంపెనీ ప్రకటన చూసి మన ఊళ్ళలో ఇంటింటా పగ్‌లు కొన్నారు. ఆ చప్పిడి ముక్కుతో ఎండాకాలం అది ఊపిరికి ఎలా కొట్టుకుంటుందో ఇప్పుడు పశువుల డాక్టర్లందరికీ తెలుసు.

దీన్ని ఆపడానికి పెద్ద చట్టాలు కూడా అక్కర్లేదు. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ 2018లో తమ షోలలో స్పైడర్‌ను అమ్మనివ్వబోమని తేల్చేసింది. వాళ్ళు పాముల వ్యతిరేకులు కారు, పాములు పెంచేవాళ్ళ సంఘమే. బల్ల అద్దెకిచ్చేవాడు కుదరదంటే పిల్లల్ని తీసేవాడు ఆలోచిస్తాడు. రకాలు వేలున్నాయి, ఒకటి పోతే ఆ వ్యాపారం మునగదు.

మన దగ్గరికి వద్దాం. మన దేశపు పామును, నాగుపాము గానీ జెర్రిపోతు గానీ, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. విదేశీ పాముల సంగతి నిన్నమొన్నటిదాకా గాల్లో ఉండేది. 2022లో చేసిన సవరణతో, ఆ తర్వాత 2024లో వచ్చిన నిబంధనలతో బాల్ పైథాన్ ఉన్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి, పిల్లలు పుట్టినా చేతులు మారినా చనిపోయినా తెలపాలి. మరోపక్క విమానాల్లో దొంగతనంగా వస్తూనే ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి చెన్నైలో దిగిన ఒకామె సామాన్లలో 22 పాములు దొరికాయి. అంటే గిరాకీ ఇక్కడే ఉంది, హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్ళు కొంటున్నారు. నమోదు చూసేది పాము ఎవరిది, ఎక్కడిది అని. దాంతో పాటు రంగు రకం పేరు కూడా రాయించి, స్పైడర్‌నూ, ఇదే వణుకున్న మరికొన్ని రకాలనూ జతకట్టించకూడదని ఒక్క వాక్యం చేర్చడం అటవీశాఖకు పెద్ద పనేమీ కాదు. ఇక్కడ ఈ వ్యాపారం ఇంకా లేతగా ఉంది. వేళ్ళూనాక ఎవరి మాటా వినరు.

ఆలోగా కొనబోయే పిల్లలకు ఒక మాట. ఫోటోలో మెడ వణకదు, వీడియో అడగండి. ఎదురుగా ఉంటే చేతిలో పట్టుకుని నెమ్మదిగా వెల్లకిలా తిప్పి చూపించమనండి. ఆరోగ్యంగా ఉన్న పాము వెంటనే బోర్లా తిరుగుతుంది. తిరగలేక మెడ మెలిపెడుతుంటే, "ఈ రకమంతా ఇంతే" అని అమ్మేవాడే చెబుతాడు. బేరమాడకుండా వచ్చేయండి. మా వాడు ఆరోజు ఆ బల్ల దగ్గర బంబుల్‌బీకి తగ్గించిన ధర కూడా విన్నాడు, వినీ పక్క బల్లకు వెళ్ళి ఒక పైబాల్డ్ హెట్ మగదాన్ని తెచ్చుకున్నాడు.