దుప్పటి కప్పుకున్న మనిషి

రెండు జానల ఎత్తు, జానెడున్నర వెడల్పు. అంత చిన్న కాన్వాసులోకి ఎంత రాత్రిని దించాడో స్పెయిన్ చిత్రకారుడు గోయా! మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్న ఆ తైలవర్ణ చిత్రాన్ని మన మాటల్లో ‘మంత్రగత్తెల గగనయానం’ అనుకోవచ్చు. ఒసూనా ప్రభువు దంపతుల పల్లెటూరి భవనం కోసం వేసిన ఆరు బొమ్మల్లో ఇదొకటి. 1798లో ఆరింటికీ కలిపి 6,000 రియాల్‌లు ముట్టాయి.

బొమ్మలో పైన ముగ్గురు గాలిలో తేలుతున్నారు. తలమీద పొడుగాటి మొనదేలిన టోపీలు. ఒంటిమీద నూలుపోగు లేని ఒక మనిషిని చేతుల మీద ఎత్తిపట్టి, అతని ఒంటికి నోళ్లు ఆనించి ఉన్నారు. ఊపిరి పోస్తున్నారో పీల్చేస్తున్నారో చెప్పలేం.

నా చూపు మాత్రం ఎప్పుడూ కిందికే పోతుంది. అక్కడ ఒక పల్లెటూరి మనిషి తెల్లటి దుప్పటి నెత్తిన కప్పుకుని, నడుం వంచి, తడబడుతూ నడుస్తున్నాడు. ముందుకు చాచిన పిడికిళ్లలో బొటనవేలు రెండు వేళ్ల సందులోంచి బయటికి తొంగిచూస్తుంది. దిష్టి తగలకుండా స్పెయిన్ జనం పట్టే ముద్ర అది. మన ఇళ్లలో ఉప్పూ ఎండుమిరపకాయలూ చేసే పనే అక్కడ ఆ పిడికిలి చేస్తుంది. ఆ వేళ్ల బిగువు చూస్తే అతన్ని మూఢుడని తీసిపారేయబుద్ధి కాదు. పాపం, ఎంత భయపడ్డాడో అనిపిస్తుంది.

పైన తేలుతున్నవాళ్ల టోపీలకూ ఒక కథ ఉంది. మతవిచారణ సభ దోషులని తేల్చినవాళ్ల నెత్తిన పెట్టి జనం ముందుకు నడిపించిన టోపీలను అవి గుర్తుచేస్తాయి. 1610 నవంబరులో స్పెయిన్‌లోని లోగ్రోన్యో పట్టణంలో మంత్రగత్తెలన్న నేరం మోపి ఆరుగురిని సజీవంగా కాల్చారు. చెరలోనే చనిపోయిన మరో ఐదుగురికి బొమ్మలు చేసి వాటినీ తగలబెట్టారు. ఆ తీర్పు చెప్పిన ముగ్గురు విచారణాధికారుల్లో ఒకడైన అలోన్సో దె సలాసార్ మరుసటి ఏడాది ఊరూరా తిరిగాడు. 1,802 మంది చెప్పింది విన్నాడు. వాళ్లలో 1,384 మంది పిల్లలే! మంత్రపు లేపనాలంటూ తెచ్చిచ్చినవాటిని జంతువుల మీద ప్రయోగించి చూస్తే వాటికేమీ కాలేదు. మంత్రగత్తెల గురించి చెప్పుకోవడం, రాసుకోవడం మొదలయ్యేదాకా అక్కడ మంత్రగత్తెలే లేరని ఆయన తేల్చాడు. 1614లో మతవిచారణ సభ పై మండలి కొత్త నియమాలు పెట్టి ఇలాంటి విచారణలకు దాదాపు అడ్డుకట్ట వేసింది. తాను కూర్చుని తీర్పు చెప్పిన చోటు నుంచి లేచి, జనం దగ్గరికి వెళ్లి వినడానికి ఎంత నిబ్బరం కావాలి!

చేతబడి చేశారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు మన పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నాయి. అలాంటి వార్త చదివినప్పుడల్లా నాకు ఈ దుప్పటి మనిషే కళ్లముందు మెదులుతాడు. కొట్టిన గుంపులోనూ భయంతో కళ్లు మూసుకున్నవాళ్లే ఉంటారు.

బొమ్మలో ఆ దుప్పటి మనిషి వెనకాల ఇంకొకడు నేలమీద బోర్లాపడి రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. 1793 నాటికే జబ్బుచేసి గోయా వినికిడి పూర్తిగా పోయింది. ఏ చప్పుడూ వినబడని చిత్రకారుడు, చప్పుడుకు భయపడి చెవులు మూసుకున్న మనిషిని గీశాడు. ఆ రెండు అరచేతుల దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను.

కుడిపక్కన ఒక గాడిద ఉంది. దాన్ని అజ్ఞానానికి గుర్తుగా చెబుతుంటారు. నాకలా తోచదు. అది దేన్నీ ఊహించుకోవడం లేదు, ఊరికే నిలబడింది. దుప్పటి మనిషి దాన్నీ చూడటం లేదు. కొస పట్టుకుని ఆ దుప్పటిని కొంచెం పైకెత్తాలనిపిస్తుంది. ఎంత చీకటి రాత్రయినా, అడుగు వేసేపాటి వెలుతురు అతని కాళ్ల ముందు నేలమీద ఉంది.