మొటిమల మందును గూర్చి రెండు మాటలు

రూపముకంటె గుణము మిన్న యని పెద్దలు చెప్పుదురు. ఆ మాట సత్యమే. కాని పదునాలుగు, పదునైదు ఏండ్ల పిల్లల ముఖమున మొటిమలు లేచి, తోటివారు వానిని చూచి నవ్వునప్పుడు ఈ హితవాక్యము వారి బాధను తీర్చజాలదు. నల్లబల్లకడకు పోవుటకు వెనుదీయు విద్యార్థులు, పెండ్లికి రమ్మన్నను ఇల్లు కదలని బాలికలు మనలోనే కలరు. కావున ఇది మన పత్రికలో చర్చింపదగని విషయము కాదు.

మొటిమ, కన్నడమున మొడవె, మురికివలన పుట్టునది కాదు. దుర్నడతకు గుర్తు అంతకంటెను కాదు. యౌవనారంభమున శరీరములో కొన్ని హార్మోనులు పెరుగును. వాని ప్రేరణచే చర్మములోని తైలగ్రంథులు అధికముగా జిడ్డును స్రవించును. రోమకూపము లోపలి మృతకణములు రాలిపోక, ఆ జిడ్డుతో గూడి ద్వారమును మూసివేయును. అచ్చట సూక్ష్మజీవులు వృద్ధిపొంది వాపును, చీమును కలిగించును. 12 మొదలు 24 ఏండ్ల వయస్సువారిలో నూటికి 85 మందికి ఎంతో కొంత మొటిమల బాధ యుండునని వైద్యులు చెప్పుదురు. ఇంతమందికి వచ్చుదానిని చూచి నవ్వువాడు రేపు తన్ను చూచి తానే నవ్వుకొనవలసి వచ్చును!

“వయస్సుతో వచ్చినది వయస్సుతోనే పోవును, మందెందుకు?” అని కొందరు తల్లిదండ్రులు అందురు. స్వల్పముగా వచ్చినవానికి ఈ మాట చెల్లును. లోతుగా వాచి చీము పట్టు మొటిమలు మాత్రము పోవుచు గుంటలను, మచ్చలను విడిచిపోవును. అవి జీవితాంతము నిలువవచ్చును. అట్టివారికి మందు వలదనుట న్యాయము కాదు.

వైద్యులు సాధారణముగా వ్రాయు మందులలో ముఖ్యమైనవి రెటినాయిడు లేపనములు. ఇవి విటమిన్ ‘ఎ’ కుటుంబమునకు చెందినవి. వీనిలో ట్రెటినాయిన్ మొటిమలకు మేలు చేయునని 1969లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఆయన సహచరులు ప్రకటించిరి. 1971లో ఆ దేశమున దాని విక్రయమునకు అనుమతి లభించినది. తరువాత 1996లో అడపలీన్ అనునది వచ్చినది. ఇవి రోమకూపములోని కణములు సక్రమముగా రాలిపోవునట్లు చేసి, ద్వారము మూసికొనిపోకుండ కాపాడును. అనగా ఉన్న మొటిమను మాన్పుటకంటె, రాబోవు మొటిమను పుట్టకముందే ఆపుట వీని ప్రధానకార్యము. మునగాకు, గాజరగడ్డ తినుట ఆరోగ్యమునకు మంచిదే కాని అది ఈ లేపనము చేయు పనిని చేయజాలదు. ఇక విటమిన్ ‘ఎ’ మాత్రలను ఇష్టము వచ్చినట్లు మ్రింగుట హానికరము.

ఈ లేపనమును వాడినవారి అనుభవములు వినినచో రెండు తెఱగుల మాటలు వినవచ్చును. “ముఖము మండినది, పొట్టు లేచినది, మొటిమలు ఇంకను ఎక్కువైనవి, రెండు వారములకే పారవేసితిని” అని ఒకరందురు. “మూడు నెలలు ఓర్చితిని, ముఖము తేటపడినది” అని వేరొకరందురు. మందు ఒక్కటే. మొదటివారి మాట అబద్ధము కాదు. తొలి వారములలో చర్మము పొడిబారుట, ఎఱ్ఱబారుట, పొట్టు లేచుట సాధారణము. కొందరికి మొటిమలు కొంతకాలము హెచ్చుటయు కలదు. గుణము కనబడుటకు 8 మొదలు 12 వారములు పట్టును. ఈ సంగతి ముందుగా తెలిసినవాడు ఓర్చును. తెలియనివాడు భయపడి మానివేయును. తరచుగా ఈ ఇరువురకు గల భేదము చర్మములో లేదు, చెవినబడిన మాటలో కలదు.

మన చింతామణి, శిడ్లఘట్ట ప్రాంతములలో పట్టుపురుగులను పెంచు ఇండ్లవారికి ఈ ఓర్పు క్రొత్త గాదు. పురుగు గూడు కట్టులోపల నాలుగు పర్యాయములు చర్మమును విడుచును. ఆ సమయమున అది మేత ముట్టక కదలకయుండును. అది చచ్చినదని ఎవ్వరును తట్టను పారవేయరు. ఆకు వేయుట ఆపి వేచియుందురు. పురుగు విషయమున చూపు ఓర్పును మన బిడ్డల ముఖము విషయమున చూపలేమా?

ఓర్పుతోబాటు పద్ధతియు కావలెను. రాత్రివేళ ముఖమును మృదువుగా కడిగి, తడి పూర్తిగా ఆరిన పిమ్మట, ముఖమంతటికిని బఠాణీ గింజంత మాత్రమే పలుచగా పూయవలెను. మొటిమపై మాత్రమే చుక్క పెట్టుట సరికాదు. కన్నులకు, పెదవులకు, ముక్కు మూలలకు తగులనీయరాదు. తొలుత దినము విడిచి దినము పూసి, అలవాటైన పిదప వైద్యుడు చెప్పినట్లు ప్రతిరాత్రియు పూయవచ్చును. ఎక్కువ పూసిన త్వరగా తగ్గునను భ్రమ వలదు. ఎక్కువ పూసిన మంట హెచ్చును. మన చామనచాయ చర్మమున మంట తగ్గినను నల్లమచ్చ చాలకాలము నిలుచును. పొడిబారకుండుటకు సువాసనలేని తేమలేపనము వాడవచ్చును. నిమ్మరసము, టూత్‌పేస్టు, గరుకైన పిండినలుగు ఈ దినములలో దగ్గరకు రానీయరాదు. ఎండకు చర్మము త్వరగా కందును గనుక, సెలవుదినములలో టమాటా తోటలో, మల్బరీ మడిలో పనిచేయువారు ఎండకు తగిన లేపనము పూసికొని, తలపై గుడ్డయో టోపీయో ధరింపవలెను. గర్భవతులు ఈ మందును వాడరాదు. అక్కకు వ్రాసిన ట్యూబు చెల్లెలికి, చెల్లెలినుండి వదినెకు చేరుట మన ఇండ్లలో వింత గాదు. ఆ వదినె గర్భవతి యని ట్యూబునకు తెలియదు గదా!

ఇంతకంటె పెద్ద ప్రమాద మొకటి కలదు. రెటినాయిడు మంటకు ఓర్వలేక కొందరును, తెల్లబడవలెనను కోరికతో మరికొందరును మందుల అంగడికి పోయి “ముఖమునకు మంచి క్రీము” అని అడుగుదురు. అంగడివాడిచ్చు ట్యూబులో స్టెరాయిడు ఉండవచ్చును. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడు మూడును కలిపిన లేపనములు కలవు. అవి మంగు మచ్చలకు, వైద్యుని పర్యవేక్షణలో, కొద్దికాలము వాడదగినవి. వానిని తెల్లబడు క్రీములుగా నెలల తరబడి పూయువారి చర్మము పలుచబడును, రక్తనాళములు బయటికి కనబడును, స్టెరాయిడువలననే క్రొత్త మొటిమలు లేచును. మానినచో ముఖము మండును, పూసినచో చెడును. 2011లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, మనదేశమున 12 కేంద్రములలో ముఖచర్మవ్యాధులతో వచ్చిన 2,926 మందిని పరీక్షింపగా 433 మంది స్టెరాయిడు లేపనములను వాడుచుండిరి. వారిలో సగమునకు మించినవారికి ఆ సలహా ఇచ్చినవారు వైద్యులు కారు. 2018లో కేంద్రప్రభుత్వము 14 స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేక అమ్మరాని మందుల పట్టికలో చేర్చినది. చట్టము వచ్చినది, అలవాటు మాత్రము మనము మార్చుకొనవలెను.

ఇచ్చట మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. ట్యూబుతో వచ్చు కాగితము ఆంగ్లమున నుండును. వైద్యుడు కన్నడమున చెప్పును. ఇంటిలో తల్లి తెలుగున వినును. ఒక భాషనుండి మరియొక భాషకు దాటుసరికి “రాత్రి మాత్రమే” యనునది “రోజూ” అగును. “మూడు నెలలు” అనునది లోపించును. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురములలో రెండు భాషలు తెలిసిన వైద్యులు, నర్సులు దొరకుట కష్టము కాదు. అడుగుటకే మనము సంకోచింతుము. అడుగుట అవమానము కాదు, అది మన హక్కు.

మనుష్యునికి తెలియజెప్పక అతని చర్మముపై మందు పూయుట ఎంత దోషమో ఈ మందు చరిత్రయే బోధించుచున్నది. క్లిగ్‌మన్ తన ప్రయోగములలో అనేకము ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ చెరసాలలో ఖైదీలపై నడపెను. ఏమి పూయుచున్నారో, దానివలన ఏమి కలుగునో వారికి సరిగా చెప్పలేదు. ఆ ప్రయోగములు 1974లో నిలిచినవి. ఆయన పనిచేసిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వైద్యశాఖ 2021లో క్షమాపణ చెప్పినది. ఆ ఖైదీలకు అడుగు స్వేచ్ఛ లేదు. మనకు కలదు. ఉన్న స్వేచ్ఛను వాడుకొనకుండుట మన తప్పే యగును.

కావున నా అభిప్రాయ మిది. రెటినాయిడు మంచి మందు. కాని తెలియక పూసినచో మంచి మందును చెడ్డపేరు తెచ్చుకొనును. తల్లిదండ్రులు బిడ్డ మొటిమలను చూచి కసరక, ఖర్చని దాటవేయక, సర్కారు ఆసుపత్రి వైద్యునికైనను చూపవలెను. వెళ్లినప్పుడు అయిదు ప్రశ్నలు అడుగవలెను: ఈ మందు పేరేమి? దీనిలో స్టెరాయిడు కలదా? ఎంత, ఎప్పుడు పూయవలెను? ఎన్నాళ్లకు గుణమిచ్చును? ఏమి జరిగినచో మాని మరల రావలెను? విద్యార్థులు ఆ జవాబులను ఇంటిలోని వారందరు చదువునట్లు తెలుగున వ్రాసి, ట్యూబు పెట్టు చోటనే అంటింపవలెను. మూడు భాషలు నేర్చుకొనుచున్న మనకు ఇది కష్టమైన పని కాదు. చదువు పరీక్షకు మాత్రమే గాక ఇంటికిని ఉపయోగపడుట ఇదియే.

మరి తోటివాని మొటిమను చూచి నవ్వు విద్యార్థులకు ఒక్క మాట. ఏ మందును లేకయే, ఏ ఖర్చును లేకయే అతని బాధలో సగమును మీరు ఈ దినముననే తీర్పగలరు. నవ్వుట మానుడు.