బిస్కెట్టు దయ

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నారు పెద్దలు. అది కరిచిన తర్వాతి సంగతి. కరవకముందు ఏం చెయ్యాలో సామెతలో లేదు. ఈమధ్య ఏ పేరంటానికి వెళ్ళినా వీధికుక్కల గొడవే. మాట మొదలవగానే ఆడవాళ్ళం రెండు జట్లయిపోతున్నాం. "ఇంత విషం పెట్టేస్తే పీడా వదుల్తుంది" అనేది ఒక జట్టు. "అయ్యో, నోరులేని జీవాలండీ!" అనేది రెండో జట్టు. నా పోట్లాట రెండింటితోనూ.

ముందు మొదటివారితో. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఆ వార్త చదివిన ఏ తల్లి కడుపైనా తరుక్కుపోతుంది. కానీ కోపం తీరడం వేరు, కుక్కలు తగ్గడం వేరు. మద్రాసు కార్పొరేషను వందేళ్ళకు పైగా కుక్కల్ని పట్టి చంపింది. లాభం లేదని 1996లో ఆ పద్ధతి మాని ఆపరేషన్లకు దిగింది. చంపితే తగ్గేవే అయితే అన్నేళ్ళలో మద్రాసులో మందుకైనా ఒక కుక్క మిగలకూడదు కదా!

ఎందుకు తగ్గవంటారా? పంచదార డబ్బా మూత తీసిపెట్టి చీమల్ని ఊడుస్తూ కూర్చుంటే తగ్గుతాయా? వీధి మొగలో మాంసం కొట్టు చెత్త, కల్యాణమంటపం వాళ్ళ ఎంగిలి విస్తళ్ళు, మనం సంచీ ముడేసి విసిరే నిన్నటి అన్నం - ఇవన్నీ అక్కడ ఉన్నంతకాలం, ఈ వీధిలో చచ్చినవాటి చోటుకు పక్కవీధివి వచ్చి కూర్చుంటాయి. ఆడకుక్క మోసేది రెండు నెలలే. ఏడాదికి రెండు ఈతలు. లెక్క మీరే వేసుకోండి.

ఇక రెండో జట్టు. వీరంటే నాకు ఇంకా కోపం, ఎందుకంటే వీరిది మంచి మనసు. మంచి మనసున్నవాళ్ళు పని సగంలో వదిలేస్తే ఎక్కువ నష్టం. మేడమీద నుంచి బిస్కెట్టు ముక్కలు విసిరి, అవి తోకాడిస్తుంటే కళ్ళు చెమర్చుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటారు. ఆవిడ బజారుకు వెళ్ళేది కారులో. చీకటితో పాలపాకెట్లు వేసే కుర్రాడి సంగతో? అయిదింటికి అంట్లు తోమడానికి నడిచివచ్చే మా పనమ్మాయి చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉంటుంది. "అన్నం పెట్టేది మీరు, పరిగెత్తేది మేమూనమ్మా" అంది ఒకరోజు. దానికి జవాబు చెప్పండి, చూస్తాను.

ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడని నాకు పాఠం చెబుతారు వీరు. నిజమే. నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనన్నాడు. అంతేగాని, నాలుగు మెతుకులు విదిల్చి దాన్ని పక్కవాళ్ళ గుమ్మం మీదికి తోలలేదు.

జాలి ఉంటే సూదికీ కత్తికీ చూపించండి. పట్టడం, ఆపరేషను చేయడం, రేబిస్ టీకా వేయడం, మళ్ళీ పట్టినచోటనే వదలడం - 2001 నుంచీ మన దేశంలో రూల్సు ఇవే. 2023లో కొత్తగా రాసిన రూల్సూ ఇదే చెప్పాయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంటే దేశమంతా గగ్గోలెత్తింది. 22వ తేదీకల్లా దాన్ని సవరించి, పిచ్చిపట్టినవీ మీదపడేవీ తప్ప మిగతావాటిని ఆపరేషను, టీకా అయ్యాక వదిలేయమంది. తిండి మాత్రం ఎక్కడపడితే అక్కడ కాకుండా కేటాయించిన చోట్లలోనే పెట్టాలంది. నవంబరు 7న మరో మాటా చెప్పింది. బళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టినవాటిని మాత్రం మళ్ళీ అక్కడ వదలొద్దని. నాకిది సబబుగానే ఉంది. బడి వాకిలి కుక్కలకు నివాసస్థలం కాదు.

"మనది బీదదేశం, కుక్కలకు ఆపరేషన్లా!" అని బుగ్గలు నొక్కుకోకండి. జయపూరులో హెల్ప్ ఇన్ సఫరింగ్ అనే సంస్థ 1994 నుంచి 2002 దాకా దాదాపు 25,000 కుక్కలకు పట్టుబట్టి ఈ పని చేసింది. ఆ పేటల్లో కుక్కలు నాలుగోవంతుకు పైగా తగ్గాయి, రేబిస్‌తో మనిషి పోవడం ఆగిపోయింది. మనకంటే చిన్నదైన భూటాను 2009లో మొదలుపెట్టి, 2023 అక్టోబరుకల్లా వీధికుక్కలన్నిటికీ ఆపరేషను పూర్తయిందని ప్రకటించింది. అది డబ్బున్న దేశమా? కాదు. మధ్యలో మానలేదు, అంతే. మన దగ్గర పిల్లవాణ్ణి కుక్క కరిచిన వారం వేనులు తిరుగుతాయి, మరుసటి వారం పెట్రోలు ఉండదు. నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితేగాని రేబిస్ ఆగదు. పదింటికి వేసి ఫొటో దిగితే ఆగదు.

రేబిస్ అన్నాను కాబట్టి చెప్పనివ్వండి. కరిస్తే పసుపూ, సున్నమూ, కారమూ అద్దేవాళ్ళు ఇంకా ఉన్నారు. దయచేసి అద్దకండి. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ఆస్పత్రికి పరిగెత్తండి. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితం. గాయం లోతైతే టీకాతోబాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు గాయం చుట్టూ ఎక్కిస్తారు, అది అడిగి వేయించుకోండి. కుక్కపిల్ల గీరినా సరే, పెంపుడుదైనా సరే. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల రోజులు పోయాయి. ఇప్పుడు నాలుగైదు, అదీ చేతికే. జబ్బు లక్షణాలు బయటపడ్డాక మాత్రం ఏ డాక్టరూ ఏమీ చేయలేడు.

ఇదంతా మనసులో పెట్టుకుని మా ఊరి మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళాను. మా వార్డులో కుక్కలెన్ని, ఆపరేషను అయినవెన్ని అని అడిగాను. గుమాస్తాగారు కళ్ళజోడు పైకి తోసి, "కుక్కలేమైనా ఓటర్లా అమ్మా, లిస్టు ఉండడానికి?" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

లిస్టు లేకపోతే మనమే రాద్దామనుకున్నాం, మా వీధి ఆడవాళ్ళం నలుగురం. కష్టమేం కాదు. ఆపరేషను అయిన కుక్కకు మత్తులో ఉండగానే చెవి కొస కొంచెం కత్తిరించి గుర్తు పెడతారు. సాయంత్రం కూరగాయల బండి దగ్గర నిలబడి చెవులు చూడడమే. బిస్కెట్టు ఆవిడ అన్నిటికన్నా బాగా పనికొచ్చారు. అవి ఆవిడ దగ్గరికి మాత్రమే వస్తాయి మరి! తెచ్చిన కొంగుకు బిస్కెట్లు వేసి ఒక్కొక్కదాన్నీ పిలిచి చెవి చూపించారు. మొత్తం పదకొండు కుక్కలు. చెవి కోసినవి మూడు. తక్కిన ఎనిమిదింటిలో అయిదు ఆడవి, వాటిలో రెండు కడుపుతో ఉన్నాయి.

ఆ కాగితం ఇచ్చి, ఈ ఎనిమిదింటి పని ఎప్పటికవుతుందో తేదీ వేసి రాసివ్వమన్నాం. పదిహేను రోజులైంది, జవాబు లేదు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి పక్కవీధివాళ్ళు కూడా వాళ్ళ లిస్టుతో వస్తున్నారు.